ఎనిమిది వందల అరవై నాలుగు కాయలు

మా మండలంలో కాంప్లెక్స్ మీటింగంటే టీచర్లకి ఒక పూట ఆటవిడుపు. నెలకోసారి చుట్టుపక్కల బడుల వాళ్లందరం హైస్కూల్లో చేరాలి. ఒకరు నమూనా పాఠం చెప్పాలి, మిగతావాళ్లు చూసి బాగోగులు మాట్లాడాలి, అలా మా అందరి బోధనా మెరుగుపడాలి. కాగితం మీద సంగతి అది. జరిగేది వేరు. పాఠం చెప్పేదెవరో ముందే తెలుస్తుంది. తెలివైన పిల్లల్ని ఏరి, వాళ్లచేత ఒకటికి రెండుసార్లు చెప్పించి పెడతారు. పాఠం అయ్యాక చప్పట్లు కొడతాం. "చాలా బాగుందండీ" అని ఒకరి తర్వాత ఒకరం అంటాం. ఆ పైన వేడివేడి పునుగులొస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తంతు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

నేను చేరింది దసరా సెలవుల తర్వాత. అంతకుముందు రెండేళ్లు డీఎస్సీ కోచింగంటూ రాజమండ్రిలో హాస్టల్లో పడి ఉన్నాను. ఇంటికి రావడం క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ, అదీ రెండు రోజులు. పోస్టింగు మా కొత్తపేట మండలంలోనే, నాన్న పనిచేసే బడికి కాలవ అవతలి ఊళ్లో వచ్చింది. అమ్మ ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. నేను చేరే రోజు నాన్న తన స్కూటరు మీద దింపుతానన్నారు. అమ్మ ససేమిరా వద్దని నన్ను ఆటో ఎక్కించింది. అమ్మకి స్కూటరంటే ఎప్పుడూ భయమే కాబట్టి నేను పట్టించుకోలేదు.

మా నాన్న యేసురత్నం మాస్టారంటే ఆ చుట్టుపక్కల లెక్కలకి పెట్టింది పేరు. ఆయన బడి కాలవ లాకుల పక్కనుంటుంది, అందుకని లాకుల బడి అంటారు. అక్కడ ఐదో తరగతి ఆయనది. ఆయన దగ్గర భాగహారం నేర్చుకున్నవాళ్లు బ్యాంకుల్లో ఉన్నారు, మండపేటలో రైసుమిల్లులు నడుపుతున్నారు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లెక్క తప్పితే తిట్టేవారు కాదు. "ఎక్కడ దారి తప్పేవో నువ్వే వెతుక్కోమ్మా" అని దొరికేదాకా పక్కనే కూర్చునేవారు. నేను టీచరునయ్యింది ఆయన్ని చూసే. మా నాన్నంటే నాకున్న గర్వం అంతా ఇంతా కాదు, తర్వాత జరిగిందంతా ఆ గర్వంలోంచే వచ్చింది.

నేను చేరిన కొన్నాళ్లకే వచ్చిన తుఫాను వెళ్లాక జరిగిన మొదటి మీటింగది. హైస్కూలు ప్రహరీ ఒక పక్క కూలిపోయి ఉంది. దారి పొడుగునా కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి నిలబడ్డాయి. ఆ రోజు నమూనా పాఠం నాన్నది. భుజం మీది తువ్వాలు తీసి సగానికి మడిచారు, పావుకి మడిచారు, భిన్నాలు చెప్పారు. నేను చిన్నప్పుడు విన్న పాఠమే, ఒక్క మాట పొల్లు పోలేదు. చప్పట్లు మోగిపోయాయి. కాంప్లెక్స్ హెడ్మాస్టరు సూర్యప్రకాశరావుగారు ఎప్పటిలాగే లేచి, "ఇంకెవరైనా ఏవైనా చెప్తారాండీ? కొత్త టీచర్లు?" అన్నారు. ఎవరూ ఏమీ చెప్పరన్న ధీమాతో పునుగుల వైపు చూస్తూ అన్నారు.

నేను లేచాను.

"ఇంతకంటే బాగా ఈ పాఠం ఎవరూ చెప్పలేరండీ. కానీ ఏరి తెచ్చిన పిల్లలకి చెప్తే చూసి మనం ఏం నేర్చుకుంటామండీ? ఒకరి బడికి ఒకరం వెళ్దామండీ. మామూలు రోజున, ఆ రోజు ఏ పాఠముంటే అదే చూద్దాం. ఆఖర్న చూసినవాళ్లలో ఒకరు పిల్లలకి కొత్త లెక్క ఇవ్వాలి. వాళ్లకి వచ్చిందా రాలేదా, అంతవరకే మాట్లాడుకుందాం. బాగుందన్న మాట మటుకు ఎవరూ అనకూడదండీ."

వెనక వరసలో ఎవరో నవ్వారు. "కొత్తగదండీ, ఆ మాత్రం ఉంటది లెండి."

సూర్యప్రకాశరావుగారు మంచి మనిషి. ఎవరినీ నొప్పించరు, ఏదీ కదిలించరు. "బానే ఉందమ్మా లిడియా. మరి ముందెవరి బడికెళ్దాం? మీ బడికా?"

"నాకు ఇంకా చెప్పడమే సరిగ్గా రాదండీ. ముందు మా నాన్నగారి క్లాసు చూద్దామండీ. మంచి క్లాసు ఎలాగుంటుందో చూస్తే మిగతావాళ్లకి తేలికవుద్ది."

లాకుల బడి హెడ్మిస్ట్రెస్ కృష్ణవేణి మేడమ్ కూర్చున్న చోటినుంచి చివ్వున లేచారు. "మా బడికి ఇప్పుడు వద్దండీ. తుఫానుకి రేకులు లేచిపోయేయి. పిల్లలు సగం మంది రావట్లేదండీ."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "రానివ్వండి మేడమ్‌గారూ. అమ్మాయి చెప్పింది న్యాయంగా ఉంది. టీచరన్నవాడు తలుపులేసుకుని పాఠం చెప్పకూడదండీ."

మళ్లీ చప్పట్లు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కృష్ణవేణి మేడమ్ నావైపు చూసిన చూపుని ఈర్ష్య అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ పెరట్లో చేపలు కడుగుతోంది. మా అమ్మ రెబెకాకి ఊళ్లో జరిగే ప్రతి సంగతీ నాకంటే ముందే తెలుస్తుంది.

"మీ నాన్నగారి క్లాసుకి ఊరందర్నీ పిలిచేవంట. ఎవరడిగేరు నిన్ను?"

"నాన్నే రమ్మన్నారమ్మా."

"ఆయన రమ్మంటారు లే." చేపల మీద గబగబా నీళ్లు గుమ్మరించింది. "ఆయనకి బీపీ ఎక్కువగా ఉంటుంది. ఇంకెవరిదైనా పెట్టుకోండి. సూర్యప్రకాశరావుగారితో నువ్వే చెప్పెయ్యి."

"ఎందుకూ? అందరి కళ్లూ పడతాయనా? ప్రార్థన చేసుకునేవాళ్లం, మనకి దిష్టేమిటమ్మా?" అని ఏడిపించాను.

అమ్మ నవ్వలేదు. సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నప్పుడు బైబిలు తనే తీసి, చదవాల్సిన వచనం మీద వేలు పెట్టి నాన్నకి అందించింది. నాన్న చదువుతున్నంతసేపూ ఆ వేలు వచనం వెంటే నడిచింది. ఈ వయసులో వీళ్లిద్దరికీ ఎంత మురిపెమో అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

కార్తీకమాసం నడుమ ఒక రోజు లాకుల బడికి వెళ్లాం. పైన రేకుల చోట నీలం టార్పాలిన్ కట్టి ఉంది. గాలికి అది లేచి పడుతుంటే గదంతా ఒకసారి వెలుగూ ఒకసారి నీడా. పది మందికి పైగా టీచర్లం వెనక బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నాం. నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చారు. పిల్లలు లేచి దణ్ణం పెట్టారు.

"నిన్న ఎక్కడ ఆపేమర్రా?"

ముందు వరసలో రెండు జడల పిల్ల లేచింది. పేరు నాగశ్రీ. "భాగహారమండీ. కొబ్బరికాయల లెక్కండీ."

"ఆయ్" అన్నారు నాన్న. బోర్డు మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఎనిమిది వందల అరవై నాలుగు కాయలు. ఇరవై నాలుగు బస్తాలు. బస్తాకి ఎన్ని కాయలు?

ఆయన తిరిగేలోపే చేతులు లేచాయి. దుర్గేష్ అనే కుర్రాడు వచ్చి సగం చేశాడు. ఇంకో పిల్ల వచ్చి మిగతా సగం చేసింది. ముప్పై ఆరు. మూడో పిల్ల ముప్పై ఆరుని ఇరవై నాలుగుతో హెచ్చవేసి సరిచూసింది. నాన్న కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి తలూపుతున్నారు. నా పక్కన కూర్చున్న టీచరుగారు చెవి దగ్గరికి వంగారు. "చూసేరా, మాస్టారు నోరు విప్పక్కర్లేకుండా పిల్లలే పాఠం నడిపించేస్తున్నారు. ట్రైనింగుల్లో మనకి మొత్తుకునేది ఇదేగదండీ." ఆవిడ కాగితం మీద 'విద్యార్థి కేంద్రితం' అని రాసి కింద రెండు గీతలు గీశారు. నేను పొంగిపోయాను.

నాన్న బోర్డు తుడిచారు. కాసేపు ఆ నల్లబల్ల వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పిల్లల వైపు తిరిగారు.

"నిన్న ఎక్కడ ఆపేమర్రా?"

నాగశ్రీ లేచింది. "భాగహారమండీ. కొబ్బరికాయల లెక్కండీ."

మొదటిసారి ఎంత హుషారుగా చెప్పిందో అంత హుషారుగానూ చెప్పింది. ఏ పిల్లా నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాన్న బోర్డు మీద అవే కాయలు, అవే బస్తాలు రాశారు. మళ్లీ చేతులు లేచాయి. మళ్లీ దుర్గేష్ వెళ్లాడు.

"పునశ్చరణండీ" అన్నారు పక్కావిడ, కాగితం మీంచి తల ఎత్తకుండా.

పిల్లలు లెక్క చేస్తుండగా నాన్న బల్లల మధ్యగా నడుచుకుంటూ వెనక్కొచ్చారు. ఒక్కొక్కరి నోటుబుక్కూ వంగి చూస్తూ, మా దాకా వచ్చి, నా ముందు ఆగారు. కొత్తవాళ్లు ఇంటికొస్తే నవ్వే నవ్వొకటి ఉంది ఆయనకి. ఆ నవ్వు నవ్వారు.

"టీచర్‌గారూ, మీదే స్కూలండీ?"

గది గొల్లుమంది. కూతుర్ని ఆటపట్టిస్తున్నారన్నట్టే నవ్వారు అందరూ. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో ఇప్పటికీ తెలీదు.

"కాలవ అవతల బడండీ."

"ఆయ్, మంచిదండీ. కూర్చోండి, కూర్చోండి" అని ఆయన ముందుకెళ్లిపోయారు. గుమ్మం దగ్గర కృష్ణవేణి మేడమ్ ఒక్కరే నవ్వకుండా నిలబడి ఉన్నారు.

ఆఖర్న సూర్యప్రకాశరావుగారు సుద్దముక్క నా చేతిలో పెట్టారు. పద్ధతి చెప్పింది నువ్వే కాబట్టి మొదటి లెక్క నువ్వే ఇవ్వాలన్నారు. ఆ కాయలూ ఆ బస్తాలూ మళ్లీ రాసేసి కూర్చుంటే సరిపోయేది. అలా చేద్దామనే బోర్డు దాకా వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలందరూ నావైపే చూస్తున్నారు. వేసవి దాటితే వీళ్లంతా హైస్కూలుకి వెళ్తారు. అక్కడ వీళ్లని కూర్చోబెట్టుకుని భాగహారం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఏడు వందల ఎనభై రెండు కాయలు, ఇరవై మూడు బస్తాలు అని రాశాను.

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి దుర్గేష్ వచ్చి ముప్పై ఆరు అని రాశాడు. నా మొహం చూసి తుడిచేశాడు. నాగశ్రీ లేచి నిలబడింది.

"అది మా లెక్క కాదండీ."

"మీ లెక్క ఏదమ్మా?"

"ఎనిమిది వందల అరవై నాలుగండీ."

"అది కాకుండా ఇంకేం చేశారు ఈ మధ్య?"

ఆ పిల్ల గుమ్మంలో ఉన్న మేడమ్ వైపు చూసింది. తల దించుకుంది. "మాస్టారికి అదే ఇష్టమండీ" అంది.

తర్వాత ఆఫీసు గదిలో కూర్చున్నాం. పునుగులొచ్చాయి. కొత్త టీచర్ని చూసి పిల్లలు కంగారుపడ్డారన్నారు ఒకరు. అంకెలు పెద్దవైపోయాయన్నారు ఇంకొకరు. టైము చాల్లేదన్నారు సూర్యప్రకాశరావుగారు. నా వంతు వచ్చింది. నాన్న ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చాలా బాగుందండీ అనేసి కూర్చున్నా నన్ను ఎవరూ తప్పుపట్టరు. పైగా అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాకు ఆ పిల్ల తల దించుకోవడమే కనబడుతోంది.

"ఈ క్లాసు పిల్లలకి భాగహారం రాదండీ. ఒక్క లెక్క వచ్చు. అది కంఠతా వచ్చు" అన్నాను.

నాన్న పునుగుల పళ్లెం పక్కాయన వైపు జరిపారు. "తీసుకోండి, చల్లారిపోతున్నాయి" అన్నారు.

కృష్ణవేణి మేడమ్ నా చెయ్యి పట్టుకుని మధ్యాహ్న భోజనం వండే పాక వెనక్కి లాక్కెళ్లారు.

"ఏం సాధించేవమ్మా ఇప్పుడు?"

"మీకు ఎప్పట్నుంచి తెలుసండీ?"

"కిందటేడు వానల్లో. బడి వదిలేక ఇంటికి దారి తెలీక లాకుల మీద కూర్చుండిపోయేరు. మా ఆయన బండి మీద దింపొచ్చేరు. మీ అమ్మగారు నా చేతులు పట్టుకుని ఏడ్చేరు, ఎవరికీ చెప్పొద్దండీ అని. ఎలా చెప్తానమ్మా? ఉద్యోగంలో చేరిన కొత్తలో బోర్డు మీద నాకు చెయ్యి వణికేది. ఆయన వెనక నిలబడి నేర్పేరు నాకు. ఒక్కరోజు కూడా నలుగుర్లో తప్పు పట్టలేదు. రిటైరయ్యేదాకా గుట్టుగా లాక్కొచ్చేద్దామనుకున్నాం. మాస్టారికి సాయం చెయ్యండర్రా అని పిల్లలకి నేనే చెప్పేను. బంగారుతల్లులు, ఒక్కళ్లు ఇంట్లో అనలేదు."

"అనుకున్నామంటున్నారు. ఎవరెవరండీ?"

"కాంప్లెక్స్‌లో అందరికీ తెలుసు. ఆ తువ్వాలు పాఠం ఒక్కటే ఆయన నోట్లో చెక్కుచెదరకుండా ఉంది. అందుకే మొన్న అదే పెట్టించేం. నీ పక్కన కూర్చుని రాసేరే, ఆవిడకీ తెలుసు. తెలీందల్లా నీకే."

అంతమంది, అంత ప్రేమతో, ఇంత పని చేశారు. ఒక్కరినీ తిట్టడానికి లేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"మరి పిల్లల చదువు మేడమ్‌గారూ?"

"సాయంత్రాలు కూర్చోబెట్టి నేను చెప్దామనుకున్నానమ్మా." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "అనుకున్నాను. రెండు క్లాసులు నావే, యాప్‌లో ఫొటోలు ఎక్కించడం నాదే, కోడిగుడ్ల లెక్క నాదే. రేపు, రేపు అనుకుంటూనే ఏడాది పైన అయిపోయింది."

ఇంటికి నాన్నా నేనూ ఒకే ఆటోలో వచ్చాం. దారిలో ఆయన విరిగిన కొబ్బరిచెట్లు చూపించి ఇవి మళ్లీ కాపుకి రావడం కష్టమని చెప్పారు. మామూలుగానే మాట్లాడారు. గుమ్మంలో అమ్మ నా మొహం చూసి చెప్పకుండానే గ్రహించింది. నాన్న కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లేదాకా ఆగింది.

"చెప్పేసేవా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పరీక్షకి చదువుకుంటున్నావ్. ఉద్యోగం వచ్చేక చెప్దామనుకున్నాను. తీరా వచ్చేక నాన్న క్లాసు, నాన్న క్లాసు అని నువ్వు ఒకటే మురిసిపోతుంటే నా నోరు రాలేదే."

"పిల్లలకి ఏమీ రాదమ్మా. ఒక్క ముక్క రాదు."

"తెలుసు." అమ్మ గొంతు తగ్గించింది. "రోజూ రాత్రి ప్రార్థనలో ఆ పిల్లల గురించే క్షమాపణ అడుగుతున్నాను. కానీ ఆయనకి బడి తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుంటున్నారంటే అది బడి ఉందనేగా? ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి చూడమంటావా నన్ను?"

నేను గట్టిగా అరిచాను. ఏమన్నానో మళ్లీ రాయలేను. అమ్మని ఆ మాటలు అనకుండా ఉండాల్సింది. నాన్న తడికాళ్లతో గుమ్మంలోకొచ్చి ఇద్దర్నీ మార్చిమార్చి చూశారు.

"ఏవైందమ్మా? ఎవరికేవైంది?"

"ఎవరికీ ఏమీ అవలేదండీ" అంది అమ్మ. "అన్నం పెట్టేస్తాను, కూర్చోండి."

నాన్నని కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు నాన్నని వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. నాన్న మర్యాదగా, "మీరు చెప్పండి, నేను వింటాను" అన్నారు. ఇది మతిమరుపు జబ్బనీ, తగ్గేది కాదనీ, నెమ్మదిగా ముదురుతుందనీ డాక్టరుగారు అమ్మకి చెప్పారు. సెలవు కాగితాల మీద నాన్న సంతకం మటుకు చక్కగా పెట్టారు. సూర్యప్రకాశరావుగారు దగ్గరుండి అన్నీ చక్కబెట్టారు. లాకుల బడికి వేరే మనిషి దొరక్క, తాత్కాలికంగా నన్నే అక్కడికి వేశారు.

ఆ నెల మీటింగు మళ్లీ హైస్కూల్లోనే జరిగింది. నమూనా పాఠం, ఏరిన పిల్లలు, చప్పట్లు, అన్నీ మామూలే. ఒకరి బడికి ఒకరం వెళ్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా పక్కన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు కూడా. బాగా చూసుకోమ్మా నాన్నగార్ని అని మటుకు అందరూ అన్నారు.

ఐదో తరగతి పిల్లలు నాతో మాట్లాడరు. అడిగినదానికి జవాబు చెప్పి కూర్చుంటారు. "మాస్టారు ఎప్పుడొస్తారండీ?" అని రోజుకి ఒకరైనా అడుగుతారు. వాళ్ల దృష్టిలో నేను మాస్టారి ఉద్యోగం ఊడగొట్టిన మనిషిని. ఒకరోజు బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగితే అందరూ ముప్పై ఆరు అని రాసి కూర్చున్నారు, కావాలనే. నాకు ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. తీసివేతల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఎక్కాలు చెప్పించాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక కూడా కూర్చోబెట్టాను. మొండి పిల్లలే గానీ మొద్దు పిల్లలు కాదు. డిసెంబరు వచ్చేసరికి ఒక్కొక్కరే దారిలో పడ్డారు. అందరికంటే ఆఖర్న నాగశ్రీ.

ఇంట్లో నాన్న పొద్దున్నే తయారై సంచీ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. "బడికి టైమవుతోందమ్మా, నువ్వింకా జడ వేసుకోలేదు" అనేవారు నాతో.

"ఇవాళ సెలవు నాన్నా."

"ఎందుకూ?"

రోజుకో కారణం చెప్పేదాన్ని. ఎన్నికలని, వానలని, పెద్దవాళ్లెవరో పోయారని. ఆయన సరేనని సంచీ కొక్కానికి తగిలించేవారు. నేను వీధి మలుపు దాటేదాకా అమ్మ ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్లి ఏదో పని చెప్పేది. ఇన్ని అబద్ధాలు ఆడగలనని నాకే తెలీదు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం. గుమ్మానికి నక్షత్రం కట్టాం. చర్చి నుంచి వచ్చి నాన్న అరుగు మీద కూర్చున్నారు. గేటు దగ్గర గోల వినిపించి చూస్తే మా క్లాసు పిల్లలు, సగానికి పైగా వచ్చారు. చేతుల్లో నోటుబుక్కులున్నాయి. నన్ను చూసి కాస్త తడబడ్డారు. తర్వాత నన్ను దాటుకుని నాన్న దగ్గరికెళ్లి చుట్టూ కూర్చున్నారు.

"బాగున్నారాండీ మాస్టారూ?"

"బాగున్నానమ్మా. ఎవరి పిల్లలర్రా మీరు?"

పిల్లలు పేర్లు చెప్పారు. నాన్న ఒక్కొక్క పేరుకీ తలూపారు. నాగశ్రీ నోటుబుక్కు తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"లెక్క ఇవ్వండి మాస్టారూ."

నాన్న పెన్ను తీసుకున్నారు. "ఎనిమిది వందల అరవై నాలుగు కాయలు" అని మొదలుపెట్టారు.

"అది కాదండీ" అంది నాగశ్రీ మెల్లిగా. "ఇంకోటి ఇవ్వండి. ఏదైనా సరేనండీ."

నాన్న పెన్ను ఆపారు. చాలాసేపు ఆ కాగితం వైపు చూశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన నెమ్మదిగా రాశారు. తొమ్మిది వందల యాభై రెండు. ముప్పై నాలుగు. కాయలనీ బస్తాలనీ రాయలేదు. నాగశ్రీ అరుగు మీద బోర్లా పడుకుని చేసింది. మిగతావాళ్లు తలలు కలిపి చూశారు గానీ ఎవరూ అందించలేదు. ఇరవై ఎనిమిది. శేషం లేదు.

నాన్న నోటుబుక్కు కళ్ల దగ్గరికి తీసుకుని ఒక్కో వరసా వేలుతో చూసుకుంటూ కిందికి దిగారు. నా చిన్నప్పుడు చూసినట్టే చూశారు. ఆఖరి సున్నా దగ్గర వేలు ఆగింది.

"కరెక్టే. బాగా చేసేవమ్మా. ఎవరు నేర్పేరు నీకు?"

పిల్లలందరూ నావైపు తిరిగారు. వద్దన్నట్టు తలూపాను. నాగశ్రీకి అర్థమైంది.

"మీరేనండీ మాస్టారూ."

"ఆయ్, మీరేనండీ" అన్నాడు దుర్గేష్. తక్కినవాళ్లూ అందుకున్నారు. మీరేనండీ, మీరేనండీ అని అరుగంతా ఒకటే గోల.

నాన్న ఆ లెక్కని మళ్లీ పైనుంచి చూశారు. తర్వాత పిల్లల్ని చూశారు, ఒక్కొక్కరి మొహం మీదా ఆగుతూ, ఎవరినీ వదలకుండా. ఆయన కళ్లు ఆ కాసేపు నేనెరిగిన నాన్న కళ్లు.

"నేను చెప్పలేదర్రా మీకు" అన్నారు. "చెప్పాల్సింది. చెప్పలేదు."

గోల ఆగిపోయింది. నోటుబుక్కు మూసి రెండు చేతులతో నాగశ్రీకి ఇచ్చేశారు. అమ్మ వంటింట్లోంచి కేకు ముక్కల పళ్లెం తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలీక గుమ్మంలోనే నిలబడింది. పిల్లలు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టారు. ఆయన ఎవరినీ దీవించలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న నేను జడ వేసుకుంటూ ఇవాళేం కారణం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. నాన్న చొక్కా తొడుక్కోలేదు. సంచీ కొక్కానికే ఉంది. బడికి టైమవుతోందన్న మాట మళ్లీ ఎప్పుడూ ఆయన నోట వినలేదు.